రంగు చేపల కొలను

జూలై వచ్చిందంటే ఆ మందుల కంపెనీ మొత్తంలో సంబరపడే మనిషి బ్యూలా ఒక్కతే. మిగతా అందరికీ జూలై అంటే బురద, గేటు దగ్గర గొడుగుల తోపులాట, షిఫ్టు బస్సు ఆలస్యం. తోటపని చేసే బ్యూలాకు మాత్రం, ఎండాకాలమంతా పైపు పట్టుకుని బతికించిన మొక్కలు ఇక తమంతట తాము నాలుగాకులు వేసే నెల అది. జిన్నారం దారిలో, కంపెనీ ప్రహరీ లోపల నాలుగెకరాల తోట. ఎవరో ముచ్చటపడి పెంచింది కాదు. ఫ్యాక్టరీ అన్నాక ఇంత పచ్చదనం ఉండాలని సర్కారు రూలు పెడితే తప్పక పెంచింది. చెట్లకు ఆ సంగతి తెలియదు గనక వానపడితే అవి పెరిగాయి, అవి పెరిగాక పిట్టలు వచ్చాయి.

సోమవారం ఎనిమిదింటికి బ్యూలా చీర మీద మగవాళ్ల పాత చొక్కా తొడుక్కుని, కొంగు నడుముకు బిగించి, కలుపు తీసే ఖుర్పీ చేతబట్టి తోటలోకి వచ్చింది. పని మొదలుపెట్టే ముందు తోటంతా ఒక చుట్టు తిరిగిరావడం ఆమె అలవాటు. అది ఎవరూ చెప్పిన పని కాదు. ఆమెను పనిలో పెట్టిన కాంట్రాక్టరు సంగయ్య చూస్తే "పొద్దుగాల్నే షికారుకొచ్చినవా?" అని ఎత్తిపొడుస్తాడు. అయినా మానదు. కరివేపాకు చెట్టు దగ్గర ఆగి, ఆకుల మీద పిట్ట రెట్టల్లా కనబడే గొంగళిపురుగులు ఎన్ని మిగిలాయో చూసుకుంది. శనివారం ఏడు, ఇవాళ అయిదు. నందివర్ధనం గుబురులో రెండాకులు దగ్గరకు లాక్కుని కుట్టుకున్న గూట్లోంచి చిన్నపిట్ట తల బయటపెట్టి, వచ్చింది బ్యూలాయేనని చూసుకుని మళ్లీ ముడుచుకుంది. గోడవార ఈతచెట్టుకు గిజిగాళ్లు తొమ్మిది గూళ్లు వేలాడదీశాయి. అందులో రెండు సగంలో వదిలేసినవి. మగపిట్ట అంత కష్టపడి అల్లితే ఆడపిట్ట వచ్చి, అటూ ఇటూ చూసి, నచ్చక వెళ్లిపోతుంది. ఆ మగపిట్టను చూసినప్పుడల్లా బ్యూలాకు నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా వేస్తుంది.

పదిన్నరకు నిషిత వచ్చింది. పర్యావరణం చూసే ఆఫీసులో నాలుగు నెలల కింద చేరిన పిల్ల. అమీన్‌పూర్ నుంచి కంపెనీ బస్సులో వస్తుంది. శుక్రవారం కాలుష్యం ఆఫీసు వాళ్లు తనిఖీకి వస్తున్నారు, తోటలో ఏయే జీవాలున్నాయో ఫొటోలతో పట్టిక తయారుచెయ్యమని ఆమెకు పని అప్పజెప్పారు. పోయినేడాది పట్టికలో నెమళ్లు, జింకలు కూడా ఉన్నాయట. ఎవరో వేరే పట్టికలోంచి మక్కికి మక్కి దించి పెట్టారు. ఈ పిల్ల అట్లాంటిది కాదు. కంటితో చూడనిది రాయనంటుంది. అందుకే వారం రోజులుగా బ్యూలా వెంట తిరుగుతోంది.

"ఈరోజు ఏం చూపిస్తవమ్మా?" అని అడిగింది నిషిత.

"గడ్డిల సూడు మేడం. కాలు మెల్లగ పెట్టు, తొక్కుతవ్."

రాత్రి వానకు మెత్తబడ్డ నేల మీద, గడ్డి మొదళ్లలో, ఎర్ర మఖమలు ముక్కలు నడుస్తున్నట్టు ఆరుద్ర పురుగులు. నిషిత మోకాళ్ల మీద కూర్చుంది. ప్యాంటుకు బురద అంటుతుందన్న ధ్యాస లేదు. బ్యూలా ఒకదాన్ని ఎత్తి ఆమె అరచేతిలో వేసింది. అది కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడుకుని, కాసేపటికి మెల్లగా లేచి, వేలి చివరిదాకా నడిచింది.

"ఎన్ని రోజులుంటయి ఇవి?"

"వాన వడ్డంక నాలుగు దినాలు. మళ్ల ఏడాది దాంక ఏ బొక్కల పంటయో దేవునికెరుక."

"నేను ఇంత దగ్గర నుంచి ఎప్పుడూ చూడలే." నిషిత గొంతు తగ్గించి చెప్పింది, గట్టిగా మాట్లాడితే అది పారిపోతుందేమోనని.

బ్యూలాకు ఆ పిల్ల మీద ఇష్టం పుట్టింది. ఈ కంపెనీలో తన తోటను చూడ్డానికి వంగిన మొదటి ఆఫీసరు ఈమే.

ఇద్దరూ కొలను దగ్గరకు వచ్చారు. ఆఫీసు మెట్లకు ఎదురుగా, తోట నడుమన గుండ్రటి సిమెంటు కొలను. అందులో నలభైకి పైగా రంగు చేపలు, నాలుగు కలువలు. జూలైలో మాత్రం ఇంకా చాలా జీవాలు వచ్చి చేరతాయి. గట్టు పొంటి కప్పపిల్లలు తోకలాడిస్తూ తిరుగుతున్నాయి, కలువ మొగ్గల మీద తూనీగలు వాలుతున్నాయి, నీళ్ల ట్యాంకు మీద నుంచి ఒక కొంగ ఓపిగ్గా కనిపెట్టి చూస్తోంది. గట్టు మీద పెద్ద బోర్డు. కర్మాగారంలో వాడిన నీటిని శుద్ధిచేసి ఈ కొలను నింపుతున్నామని, అందుకు ఈ చేపలే సాక్షులని, ఒక పక్క తెలుగులో, ఒక పక్క ఇంగ్లీషులో రాసి ఉంది. ఏ పెద్దమనిషి వచ్చినా ముందు అక్కడ నిలబెట్టి ఫొటో తీస్తారు.

అసలు సంగతి వేరు. గట్టు వెనక క్రోటన్ మొక్కల చాటున రెండు వాల్వులున్నాయి. నల్లది శుద్ధి ట్యాంకు నుంచి వచ్చే పైపుది, నీలంది బోరుది. నాలుగేళ్ల కింద పాత మాలి రాములు పని అప్పగిస్తూ చెప్పిపోయాడు. "నల్లదాన్ని ముట్టుకోకు. ఎవ్వలన్న అడిగితే నల్లదే తిప్పుతున్న అను. ఆఫీసర్లందరికి ఎరుకే గని, ఎవ్వలు నోటితోని అనరు." బ్యూలా ఎందుకని అడగలేదు. అడిగితే జవాబు చెప్పేవాళ్లూ లేరు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు అందరూ తలా కొంచెం మోస్తున్న అబద్ధం గనక ఎవరికీ బరువు తెలియలేదు.

"నీళ్లు తగ్గినయి అమ్మా. శుక్రవారం వరకు ఫుల్‌గా ఉండాలి. ఇప్పుడే నింపు, నేను వీడియో తీస్త," అంది నిషిత.

"ఏది తిప్పమంటరు మేడం? నీలందా, నల్లదా?"

"నీలం దేనిది?"

"బోరుది."

"బోరు నీళ్లు చెట్లకు కదా. నల్లదే తిప్పు. బోర్డు మీద అదే ఉంది."

బ్యూలా ఆమె ముఖంలోకి చూసింది. ఆఫీసర్లందరికీ ఎరుకే అన్నాడు రాములు. ఎరుకై ఉండీ తిప్పమంటోందంటే ఏదో కొత్త మిషను పెట్టి నీళ్లు బాగుచేసి ఉంటారు. ఒకవేళ ఎరుకలేదేమో. ఉందో లేదో ఎట్లా అడగాలి? మీ కంపెనీ అబద్ధం మీకు తెలుసా మేడం అని ఒక మాలి ఆఫీసరును ఎట్లా అడుగుతుంది? ఆమె వంగి నల్ల వాల్వు సగం తిప్పి ఆగింది. వెనక్కి చూస్తే నిషిత ఫోను పట్టుకుని నవ్వుతూ తల ఊపింది. మిగతా సగం కూడా తిప్పింది. పైపు రెండుసార్లు దగ్గి, నీళ్లు పోసింది. చూడ్డానికి తేటగానే ఉన్నాయి.

*

మంగళవారం పొద్దున బ్యూలా తన చుట్టు తిరగలేదు. గేటు దాటుతూనే ట్యాంకు మీద కొంగ లేకపోవడం చూసి నేరుగా కొలను దగ్గరకు నడిచింది.

చేపలన్నీ వెల్లకిలా తేలుతున్నాయి. ఎర్రవి, తెల్లవి, నారింజవి, అన్నీ ఒక పక్కకు కొట్టుకొచ్చి గట్టుకు ఆనుకున్నాయి. కప్పపిల్లలు మిరియాలు చల్లినట్టు అడుగున పడి ఉన్నాయి. ఒక్క తూనీగ మాత్రం కలువ మొగ్గ మీద వాలబోయి, లేచి, మళ్లీ వాలబోయి, చివరికి వెళ్లిపోయింది. చేసింది తన చెయ్యి. ఆ చేతిని ఆమె చొక్కాకు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది.

ఆమె వల కట్టిన కర్ర తెచ్చి చేపలను తట్టలోకి ఎత్తడం మొదలుపెట్టింది. వలలోంచి ఒక్కో దాన్ని తోకపట్టి కాక, కింద చెయ్యి పెట్టి తీసింది. సగం కూడా కాకముందే రాత్రి షిఫ్టు వదిలారు. బస్సు కోసం వచ్చినవాళ్లు గట్టు చుట్టూ చేరారు. "క్యా హువా మాసీ?" అన్నాడు ఒక బిహారీ కుర్రాడు. ఆమె వల మళ్లీ నీళ్లలో వేసింది. ఎవరో ఫోను తీసి తట్టలోని చేపలను, వెనక ఉన్న బోర్డును కలిపి ఫొటో తీశారు. మధ్యాహ్నానికి ఆ ఫొటో చుట్టుపక్కల ఊళ్ల ఫోన్లన్నింటిలో తిరిగింది. సాయంత్రానికి తనిఖీ ఆఫీసు దాకా పోయింది.

నవీన్‌కుమార్ తొమ్మిదింటికే వచ్చాడు. నిషితకు పైఆఫీసరు, ఎనిమిదేళ్లుగా కొలను మంచిచెడ్డలు చూస్తున్నవాడు. ఏమయిందని అడగలేదు.

"ఎవరు తిప్పింది?"

"నేనే సార్," అంది బ్యూలా.

"నల్లదా?"

"నల్లదే."

ఆయన నుదురు రుద్దుకున్నాడు. అప్పుడే బస్సు దిగిన నిషిత పరుగున వచ్చింది. తట్టను చూసి ఆగిపోయింది. "సర్, నేనే తిప్పమని చెప్పిన. ట్రీటెడ్ వాటరే కదా అని. మనం ఎప్పుడూ అదే కదా..."

నవీన్‌కుమార్ ఆమె వైపు తిరిగాడు. "నీకు ఎవరూ చెప్పలేదా?"

"ఏం చెప్పాలె సర్?"

ఆయన షూ మీద పడ్డ నీటిచుక్కను చూసుకుంటూ నిలబడ్డాడు. అయ్యో, ఈ పిల్లకు నిజంగానే ఎరుకలేదు, అనుకుంది బ్యూలా. నిన్న ఒక్క మాట అడిగి ఉంటే ఈ చేపలు ఇప్పుడు మేత కోసం గట్టుకు చేరి ఉండేవి. నిషిత తట్టలో చెయ్యి పెట్టి ఒక చేపను కదిలించి చూసింది. ఇంకా బతికుందేమోనని ఆశ. ఆ తరువాత ఆఫీసులోకి వెళ్లింది. తన పట్టికలో కొలను పేజీ నింపింది నిన్ననే.

*

బుధవారం మధ్యాహ్నం బ్యూలాను ఆఫీసులోకి పిలిచారు. నవీన్‌కుమార్ కుర్చీ చూపించాడు, చాయ్ తెప్పించాడు. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే బ్యూలాకు సులువుగా ఉండేది. బల్ల మీద ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం పెట్టి, దాని మీద పెన్ను పెట్టాడు.

"ఇక్కడ ఒక సంతకం పెట్టమ్మా. రాదంటే వేలిముద్ర అయినా సరే."

"ఏమున్నది సార్ ఇందుల?"

ఆయన నిషిత వైపు చూశాడు. నిషిత కాగితం అందుకుని, తల ఎత్తకుండా, ఒక్కో వాక్యం తెలుగులో చెప్పింది. తోటపని చేసే బ్యూలా అను నేను, పురుగుమందు కొట్టిన పంపును తెలియక కొలనులో కడిగాను. అందువల్ల చేపలు చనిపోయాయి. శుద్ధిచేసిన నీటికి దీనితో సంబంధం లేదు.

"నేను మందు పంపు ముట్టక నెల దాటింది సార్," అంది బ్యూలా. "సీతాకోకలు గుడ్లు పెట్టినయని కరేపాకుకు గూడ కొట్టలే. మేడంకు ఎరుకే."

"నాకూ తెలుసమ్మా. ఫొటో తనిఖీవాళ్ల దాకా పోయింది, శుక్రవారం అడుగుతరు. ఏదో ఒకటి చూపియ్యాలె కదా. ఇది ఉత్త కాయితం."

"ఉత్త కాయితమైతే నా పేరెందుకు సార్?"

నవీన్‌కుమార్ పెన్ను తీసి మూత పెట్టాడు, మళ్లీ తీశాడు. "సూడమ్మా. సంతకం పెడితే, తనిఖీ అయినంక వారం రోజులు ఇంట్ల ఉండు, గొడవ సల్లబడినంక నేనే పిలుస్త. నీ పనికి నేను జిమ్మేదారి. పెట్టనంటే సంగయ్య నిన్ను తీసేస్తడు. అప్పుడు నా చేతిల ఏముండదు. రేపటిదాక ఆలోచించుకో."

బ్యూలా లేచింది. చాయ్ అట్లాగే చల్లారిపోయింది. తలుపు దాకా వచ్చిన నిషిత, వెనకనుంచి పిలుపు రావడంతో ఆగిపోయింది.

సాయంత్రం ఇంటి ముందు గద్దె మీద కూర్చుని బ్యూలా పుంటికూర తెంపుతోంది. ఆమె భర్త దేవదానం పటాన్‌చెరు దారిలో షేర్ ఆటో నడుపుతాడు. బురద పట్టిన ఆటోను బట్టతో తుడుస్తూ అంతా విన్నాడు.

"సంతకమే గదనే. పెట్టి అవుతల పారెయ్యి. పెద్దోళ్లతోని మనకెందుకు?"

"రేపు ఇంకో తోటల పనడిగితే, మందు కలిపి చేపల్ని సంపిన మాలి అంటరు."

"ఎవలంటరే? ఎవలికెరుక?"

"నాకెరుక కాదా?"

దేవదానం బట్ట పిండి దులిపాడు. "మరి నౌకరి పోతేనో?"

"పోతే పోతది," అంది బ్యూలా. అన్నది గానీ తెంపుతున్న చేతులు ఆగిపోయాయి. భయమేసింది. నలభై ఆరేళ్ల మనిషిని కొత్తగా ఏ కంపెనీ తీసుకుంటుంది? తీసుకున్నా అందులో తోట ఉండొద్దా? బాత్రూములు కడగమంటారు. గిజిగాళ్ల గూళ్లలో పిల్లలు ఇంకా కళ్లు తెరవలేదు. కరివేపాకు మీది అయిదింటిలో ఒకటి ఇవాళే పచ్చరంగుకు తిరిగింది, ఇంకో వారంలో రెక్కలొస్తాయి. ఆ వారమే తనను ఇంట్లో ఉండమంటున్నారు. ఇంత పెద్ద ఆపదలో ఇటువంటి సంగతికి ఏడుపు రావడమేమిటని తన మీద తనకే కోపమొచ్చింది.

"ఏం జేస్తవ్ మరి?" అన్నాడు దేవదానం.

"సంతకం పెడ్త," అంది ఆమె. "గని ఆల్లు రాసినదాని మీద గాదు."

*

గురువారం పొద్దున్నే ఆమె ఆఫీసు తలుపు దగ్గర నిలబడింది.

"ఇంగ్లీషు నాకు రాదు సార్. చదవరానిదాని మీద సంతకం పెట్ట. నేనే తెలుగుల రాసిస్త."

నవీన్‌కుమార్ ముఖం తేటపడింది. "రాయడం వచ్చా నీకు?"

"చర్చిల స్త్రీల సమాజం రిపోర్టు ఏటేట నేనే రాస్త సార్."

"అయితే ఇంకా మంచిది. చేతిరాతను ఎవరూ కాదనరు." ఆయనకు నిజంగానే బరువు దిగినట్టయింది. తెల్లకాగితాలు రెండు ఇచ్చి, మూలనున్న బల్ల చూపించాడు.

బ్యూలా చేతులు కడుక్కుని వచ్చింది. కాగితానికి ఎడమ పక్కన రెండు వేళ్ల జాగా మడిచింది. కుడి పక్కన పైన తేదీ వేసింది. ఖుర్పీ పట్టే చెయ్యి గనక పెన్నును కొంచెం గట్టిగానే నొక్కుతుంది, అక్షరాలు కాగితం వెనక్కి తేలాయి. ఒక వాక్యం రాసి, పెదవులు కదుపుతూ చదువుకుని, ఆ తరువాతది రాసింది. ముప్పావుగంట పట్టింది. కింద పూర్తి పేరుతో సంతకం చేసి తెచ్చి ఇచ్చింది.

"ఇంత రాసినవేందమ్మా?"

"జరిగింది రాసిన సార్."

నవీన్‌కుమార్ పుట్టింది సంగారెడ్డిలోనే, పొద్దస్తమానం మాట్లాడేదీ తెలుగే. చదువు మాత్రం చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషులో సాగింది. తెలుగు అక్షరాలు ఆయనకు ఎప్పుడో పలకరించిన చుట్టాల్లా ముఖాలు గుర్తుండి పేర్లు మరిచిపోయినవి. పైనుంచి కిందికి చూశాడు. కొలను అన్న మాట దొరికింది, చేపలు దొరికాయి, తప్పు అన్న మాట కూడా ఒకచోట కనబడింది, కింద సంతకం ఉంది. అంతలో ఫోను మోగింది. "నిషితా, నువ్వు ఒకసారి చదివి ఫైల్ల పెట్టు," అని కాగితం ఆమె చేతిలో పెట్టి వెళ్లాడు. నిషిత మొదటి వాక్యం దగ్గర వేలు పెట్టుకుని చాలాసేపు నిలబడింది. ఆ పిల్లకూ అది సులువు కాదు. బళ్లో రెండో భాషగా హిందీ తీసుకుందట.

ఆ మధ్యాహ్నం కొలను కడిగించారు. ప్లాస్టిక్ సంచుల్లో కొత్త రంగు చేపలు వచ్చాయి. "నీలంది తిప్పు" అని సంగయ్య కేకేశాడు. బ్యూలా కత్తెర తీసుకుని కంచె కత్తిరించడానికి అటువైపు పోయింది. ఒకటికి రెండుసార్లు కేకేసి, గొణుక్కుంటూ ఆయనే తిప్పుకున్నాడు.

శుక్రవారం ఎనిమిదింటికి నిషిత కరివేపాకు చెట్టు దగ్గరకు వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి.

"నీ కాయితం రాత్రి మా నాయనమ్మతో చదివించిన," అంది.

బ్యూలా ఖుర్పీ నేలకు గుచ్చింది.

"ఇది వాళ్లు చూస్తే నీ పని పోతదమ్మా. నాది కూడా పోతదేమో. సర్ ఇంకా చదవలేదు. చింపేస్త, వేరేది రాసియ్యి. ఇంకా టైముంది."

"చింపుతవో, పెడ్తవో నీ చేతిల ఉన్నది బిడ్డా. నేనయితే ఇంకోటి రాయ." బ్యూలా గొంతులో కోపం లేదు. "నిన్ను అడ్డం పెట్టుకోని రాయలే. నీకెరుకలేదనే రాసిన. నాకెరుకై నోరిప్పలే, అది గూడ రాసిన."

"తెలుసు," అంది నిషిత. చెట్టు మీది పచ్చపురుగును కాసేపు చూసింది. ఫోను తియ్యలేదు. "దీన్ని పట్టికలో రాసిన. మొత్తం అరవై రెండు వచ్చినయి. అన్నీ నిజంగ ఉన్నవే." ఇంకేం చెప్పకుండా వెళ్లిపోయింది. బ్యూలాకు ఆమె నడకను బట్టి ఏమీ తెలియలేదు.

తనిఖీ సారు పదకొండింటికి వచ్చాడు. పెద్ద వయసు మనిషి, చేతిలో గొడుగు, జేబులో కళ్లద్దాల డబ్బా. తొందరలేని మనిషిలా ఉన్నాడు. గిజిగాళ్ల గూళ్ల కింద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా చూశాడు. గడ్డిలో ఆరుద్ర పురుగును చూసి పక్కకు అడుగు వేశాడు. కొలను దగ్గర కొత్త చేపలు మేతకోసం పైకొచ్చి నోళ్లు తెరిచాయి. బ్యూలా పది అడుగుల అవతల గన్నేరు పాదు సవరిస్తోంది. తల వంచుకునే ఉంది గానీ చేతులు ఒకే చోట మట్టిని తవ్వి, మళ్లీ పూడుస్తున్నాయి. మందు పంపు ముచ్చట ఇంకొకరితో రాయించి ఉంటారేమో. ఆ కాగితం ఇప్పటికే చెత్తబుట్టలో ఉందేమో.

"మంగళవారం ఇక్కడ చేపలు చచ్చినయంట," అన్నాడు తనిఖీ సారు.

"చిన్న పొరపాటు సర్," అన్నాడు నవీన్‌కుమార్. "మాలి రాసిచ్చిన స్టేట్‌మెంట్ ఉంది. నిషితా, ఫైల్ ఇయ్యి."

నిషిత ఫైలు విప్పింది. కాగితం తీసి ఇచ్చింది.

తనిఖీ సారు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ముందు మనసులో చదువుకున్నాడు. తరువాత అందరికీ వినబడేట్టు, తప్పులేకుండా, నిదానంగా చదివాడు.

"సోమవారము పదకొండు గంటలకు నేను నల్ల పైపు తిప్పితిని. అందులో వచ్చునవి శుద్ధిచేసిన నీళ్లు. మరునాటి ఉదయమునకు నలుబది మూడు చేపలును కప్పపిల్లలును చనిపోయెను. అంతకు ముందు నాలుగు సంవత్సరములు నేను నీలి పైపు తిప్పుచుంటిని. అవి బోరు నీళ్లు. ఈ సంగతి మేడంగారికి తెలియదు. నాకు తెలిసియుండియు చెప్పకపోతిని, ఇది నా తప్పు. మందు పంపు నేను కొలనులో కడుగలేదు."

నవీన్‌కుమార్ నిషిత వైపు తిరిగాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. కొత్త చేపలు ఇంకా మేతకోసం చూస్తూనే ఉన్నాయి.

తనిఖీ సారు కింది సంతకం మీద వేలు పెట్టాడు. "బ్యూలా అంటే ఎవరు?"

"నేనే సార్." ఆమె లేచి, మట్టి చేతులు చొక్కాకు తుడుచుకుని ముందుకొచ్చింది. "నా చేతిరాతే."

"ఎవరన్నా రాయమన్నారా?"

"వేరేది రాయమన్నరు. ఇది నేను రాసిన."

ఆయన కాగితాన్ని మడతపెట్టి తన సంచిలో వేసుకున్నాడు, కంపెనీ ఫైలులో కాదు. పరీక్షకు నీళ్లు పట్టేందుకు తెచ్చుకున్న ఖాళీ సీసాలు రెండు బయటికి తీశాడు. "ఆ పైపులు ఎక్కడున్నయో చూపిస్తవా అమ్మా?"

బ్యూలా ముందు నడిచింది. తనిఖీ సారు, నవీన్‌కుమార్, నిషిత, గేటు దగ్గరనుంచి పరుగెత్తుకొచ్చిన సంగయ్య, అందరూ ఆమె వెనక నడిచారు. గడ్డి ఇంకా తడిగా ఉంది. దారికి అడ్డంగా పడి ఉన్న నీళ్ల పైపును కాలితో పక్కకు జరిపి, ఆమె వెనక్కి తిరిగింది.

"పైలం సార్," అంది, "ఇక్కడ జారుతది."